సిలువ దగ్గర నిలిచినవారు

ధ్యానభాగము: యోహాను 19:25–30



ఈ వాక్యభాగమును మనము ప్రతి శుభ శుక్రవారమున వినుచున్నాము. సిలువమీదనుండి ప్రభువు పలికిన మాటలను గూర్చి ఎన్నో ప్రసంగములు జరుగుచున్నవి. అయితే ఆ సిలువ క్రింద నిలిచియున్నవారిని గూర్చి మనము అంతగా తలంచము. ఆయన తల్లియు, ఆమెతోకూడ మరి కొందరు స్త్రీలును, ఆయన ప్రేమించిన శిష్యుడును అక్కడ ఉండిరి. వారు ఏమి చేయగలిగిరి? మేకులు ఊడదీయగలిగిరా? సైనికులను తప్పింపగలిగిరా? ఆయన నొసటి చెమటను తుడుచుటకైనను వారి చేతులు అందలేదు. వారు నిలిచియుండిరి. సువార్తికుడు వారిని గూర్చి వ్రాసినది అంతే. తక్కిన శిష్యులు ఆ రాత్రియే ఆయనను విడిచి పారిపోయిరని మార్కు 14వ అధ్యాయములో చదువుచున్నాము.

బాగుచేయలేని బాధ ఎదుట నిలుచుట కష్టము. ఏదైన చేయగలిగినప్పుడు మన కాళ్లు త్వరగా నడచును. ఏమియు చేయలేమనుకొనినప్పుడు ఏదో ఒక పని జ్ఞాపకము వచ్చును, మెల్లగా తప్పించుకొందుము. ఈ నెల మేము వ్రాయదలచినది దీనిని గూర్చియే. కడవరి దినములలో మంచమున పడియున్న రోగికిని, ఆ రోగి ఇంటివారికిని సంఘముగా మనము ఏమి చేయవలెను?

పట్టణములోని ఆసుపత్రిలో వైద్యుడు, "ఇక చేయగలిగినది ఏమియు లేదు, ఇంటికి తీసికొనిపొండి" అని చెప్పును. మన పల్లెలలో ఈ మాట వినని ఇల్లు లేదు. రోగిని ఆటోలో పడుకోబెట్టి తెచ్చుదురు. ఆ దినమున వీధి అంతయు కూడును. వచ్చినవారు చూతురు, ఏడ్తురు, పండ్లు ఇత్తురు, ప్రార్థన చేయుదురు. వారము గడచిన తరువాత ఎవరును రారు. అప్పుడు ఆ ఇంటిలో మిగులునది ఒక మంచము, ఒక రోగి, రాత్రింబగళ్లు కునుకులేని ఒక కోడలు లేక కూతురు. వైద్యుని మాటలో కొంత సత్యమున్నది. ఆ రోగమును పోగొట్టుటకు చేయగలిగినది లేకపోవచ్చును. కాని ఆ రోగికి చేయవలసినది చాల ఉన్నది. ఇంకను చెప్పవలెనంటే, అసలు పని అప్పుడే ఆరంభమగును.

మా పాస్టరేటులో జరిగిన ఒక సంగతి చెప్పుదుము. ఇంటివారి సమ్మతితోనే వ్రాయుచున్నాము, పేర్లు అవసరము లేదు. ఆమె పెద్దవయస్సు తల్లి. మన ఉత్తరకోస్తా పల్లెలలో స్త్రీలు చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొనను నోటిలోపలికి పెట్టుకొని కాల్చు అలవాటు తరతరములుగా ఉన్నదని మీరెరుగుదురు. అడ్డపొగ అందుము. అంగిటిలో వచ్చు క్యాన్సరునకు ఈ అలవాటు కారణమగుచున్నదని వైద్యులు ఎన్నో ఏండ్ల క్రిందటనే చూపిరి. ఈ తల్లికి అదే వచ్చెను. ఆలస్యముగా చూపించిరి. చికిత్సతో తగ్గు దశ దాటిపోయినదని చెప్పి పంపివేసిరి.

నోటిలోని పుండు చెంపకు కూడ పాకెను. దాని వాసన భరింపరానిదాయెను. మొదట మనుమలను దగ్గరకు రానీయలేదు. తరువాత మంచమును పెరటి వసారాలోనికి మార్చిరి. పళ్లెము, చెంబు వేరుచేసిరి. క్యాన్సరు అంటువ్యాధి కాదని వారికెవరును చెప్పలేదు. ఆ ఇంటివారు కఠినులు కారు, సుమండీ. తల్లికొరకు అరెకరము తాకట్టు పెట్టినవారే. అయినను వాసన మనుష్యులను తరుమును. ప్రేమగలవారిని కూడ తరుమును. ఆ తల్లి గోడవైపు తిరిగి ముఖము మీద కొంగు కప్పుకొని పడుకొనెడిది. ఎవరైన వచ్చిరని తెలిసినయెడల కొంగును ఇంకను బిగించుకొనెడిది.

మన సంఘములో మిషను ఆసుపత్రిలో పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న ఒక నర్సమ్మ ఉన్నారు. ఆమెను తోడుకొని మేము వెళ్లితిమి. ఆమె చేసిన మొదటి పని యేమనగా, మంచము ప్రక్కన నిలువక ఆ మంచముమీదనే కూర్చుండిరి. ఆ తల్లి ముఖముమీది కొంగును తాను తీయలేదు. ఆమె చేయి తన చేతిలోనికి తీసికొని ఊరకుండిరి. కొంత సేపటికి ఆ తల్లియే కొంగు తీసెను. అప్పుడు నర్సమ్మ, "ఎక్కడమ్మా నొప్పి? రాత్రి ఎక్కువా, పగలా?" అని అడిగిరి. ఇన్ని దినములలో వచ్చినవారందరు ఇంటివారినే అడిగిరి గాని ఆమెను అడిగినవారు లేరు.

ఆ తరువాత ఆమె చేసినవి వివరముగా వ్రాయుచున్నాము. ఇవి నేర్చుకొనదగినవి. నీళ్లు బాగుగా కాచి, ఉప్పు వేసి, చల్లార్చి, ఆ నీటితో పుండును మెల్లగా కడిగిరి. అంటుకొనిపోయిన గుడ్డను లాగివేయక, తడిపి, నాని వచ్చువరకు కనిపెట్టిరి. డాక్టరుగారిని అడిగి వ్రాయించుకొనిన మెట్రోనిడజోల్ మాత్రలను మెత్తగా పొడిచేసి పుండుమీద చల్లి, శుభ్రమైన గుడ్డ కట్టిరి. అది వెలగల మందు కాదు. ప్రతిదినము ఇట్లు చేయగా కొద్ది దినములలోనే వాసన చాలమట్టుకు తగ్గెను. మనుమలు మరల నాయనమ్మ మంచము ఎక్కిరి. మంచము వసారానుండి నడిమింటిలోనికి వచ్చెను. రోగము తగ్గలేదు, అయినను ఆ తల్లి తన ఇంటిలోనికి తిరిగి వచ్చెను. ప్రభువు కుష్ఠరోగిని మాటతోనే బాగుచేయగలిగియు చేయి చాపి ముట్టెనని మార్కు 1వ అధ్యాయములో ఉన్నది. ఆ ముట్టుట ఎందుకో మాకు ఆ వసారాలో మరింత బాగుగా తెలిసెను.

పడక సంగతి కూడ చెప్పవలెను. లేవలేని రోగిని సుమారు 2 గంటలకొకసారి ప్రక్కకు తిప్పవలెను. లేనియెడల నడుము క్రింది ఎముక దగ్గర, తుంటిమీద, మడమలమీద చర్మము కమిలి పుండ్లు పడును. ఆ పుండ్లు రోగముకంటె ఎక్కువ బాధపెట్టును. ఎర్రబారిన చోట గట్టిగా రుద్దరాదు. దుప్పటిలో మడతలు లేకుండ లాగవలెను. తడిసినది వెంటనే మార్చవలెను. మడమల క్రింద కాక పిక్కల క్రింద చిన్న దిండు పెట్టి మడమలు గాలిలో ఉండునట్లు చూడవలెను. నర్సమ్మ ఇవి నేర్పుచుండగా ఒక సహోదరుడు, "ఇదంతయు నర్సుల పని కదా, సంఘమునకు ప్రార్థన చాలదా?" అనెను. 41వ కీర్తన 3వ వచనము తీసి చూడుడని అతనితో చెప్పితిమి. మన తెలుగు తర్జుమాలో రోగశయ్యమీద దేవుడు ఆదరించుననియు స్వస్థత ఇచ్చుననియు ఉన్నది. హెబ్రీ మూలములో రోగి పడకనంతటిని ఆయన తిప్పునన్న మాట ఉన్నది. పాత ఆంగ్ల తర్జుమాలో ఆయన రోగి పడకను సవరించునన్నట్లు ఉన్నది. పండితులు దీనికి పలువిధములుగా అర్థము చెప్పుదురు. ఏ విధముగా చూచినను కీర్తనకారుడు దేవుని రోగి పడక దగ్గర చూచుచున్నాడు. దేవుడు చేయు పని మనకు తక్కువ పని యగునా?

మన దేశములో మలమూత్రములు ఎత్తు చేతులను తక్కువ చేతులుగా ఎంచిరి. అందుచేతనే నర్సు పని చాలకాలము మంచి ఇంటి స్త్రీలకు తగనిదని అనుచుండిరి. 1883లో గుంటూరునకు వచ్చి, 1898లో అక్కడ స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచిన డాక్టరు అన్నా కుగ్లర్ అమ్మగారి వంటివారి యొద్దను, మన ఇతర మిషను ఆసుపత్రులలోను మన పల్లెల క్రైస్తవ బాలికలు ఈ పని నేర్చుకొనిరి. ఆ వారసత్వము మనది. అయితే ఆసుపత్రులలో జీతమునకు చేసిన పనిని మన ఇండ్లలో ప్రేమకొరకు చేయుటకు పురుషులు వెనుదీయుచున్నారు. తల్లి మంచమున పడినయెడల కుమారుడు హైదరాబాదునుండియో విశాఖపట్టణమునుండియో సొమ్ము పంపును. సొమ్ము కావలసినదే. సొమ్ము రోగిని ప్రక్కకు తిప్పదు. యోహాను 13లో తువాలు కట్టుకొని పళ్లెములో నీళ్లు పోసికొనినవాడు పురుషుడే యని మన యౌవనులకు జ్ఞాపకము చేయుచున్నాము.

ఇప్పుడు నొప్పిని గూర్చి వ్రాయవలెను. ఇందులో మన విశ్వాసులకు గొప్ప పొరపాటు అభిప్రాయమున్నది గనుక కొంచెము దీర్ఘముగా వ్రాసెదము.

సిలువవేయువారు ప్రభువునకు బోళము కలిపిన ద్రాక్షారసము ఇయ్యజూపగా ఆయన పుచ్చుకొనలేదని మార్కు 15వ అధ్యాయములో ఉన్నది. అది నొప్పిని మందగింపజేయుటకు ఇచ్చిన పానీయమని చాలమంది వ్యాఖ్యాతలు చెప్పుదురు. దీనినిబట్టి కొందరు, రోగి నొప్పిని సహించుట పుణ్యము, మత్తుమందు పుచ్చుకొనుట విశ్వాసహీనత అని బోధించుచున్నారు. మేము దీనిని ఒప్పుకొనము. ప్రభువు లోకపాపమును మోయుచు తనకొరకు తాను చేసిన నిర్ణయము అది. దానిని అంగిటిలో పుండుతో అల్లాడుచున్న ఒక ముసలమ్మమీద మోపుటకు మనకు అధికారమెవరిచ్చిరి? ఇతరుల నొప్పి ఎదుట ఆయన ఎన్నడైనను, సహించుకొనుడని చెప్పి ముందుకు సాగిపోయెనా? సామెతలు 31వ అధ్యాయములో నశించుచున్నవానికి మద్యము ఇయ్యుడని రాజు తల్లి చెప్పుచున్నది. ఆ కాలమున వారికి తెలిసిన మందు అది. నేడు దేవుడు మనకు అంతకంటె మేలైన మందు నిచ్చియున్నాడు.

ఈ మందును సరిగా వాడుట లోకమునకు నేర్పినవారిలో ముఖ్యురాలు ఒక నర్సు. ఇంగ్లండులో సిసిలీ సాండర్స్ అను ఆమె మొదట నర్సుగా తర్ఫీదు పొందెను. నడుము నొప్పిచేత ఆ పని విడిచి, ఆసుపత్రిలో రోగుల ఇండ్ల కష్టములను చూచు ఉద్యోగమునకు మారెను. యౌవనమందే క్రీస్తును నమ్మిన స్త్రీ. 1948లో లండనులో క్యాన్సరుతో మరణించుచున్న ఒక పోలెండు దేశపు యూదుని ఆమె పరామర్శించుచుండెను. అతని పేరు డేవిడ్ టాస్మా, హోటలులో వడ్డించువాడు, బంధువులు దగ్గర లేనివాడు. ఇటువంటివారు నెమ్మదిగా కన్నుమూయుటకు ఒక గృహముండవలెనని ఇద్దరును మాటలాడుకొనిరి. అతడు చనిపోవుచు తనకున్న 500 పౌండ్లు ఆమెకు వ్రాసి, ఆ గృహములో తానొక కిటికీనై యుందునని చెప్పెను. అప్పటికి ఇల్లు లేదు, కిటికీ మాత్రమే యున్నది! రోగుల నొప్పిని మాన్పవలెనంటే వైద్యులు తన మాట వినవలెను, అందుకు తానే వైద్యురాలు కావలెనని ఆమె మరల చదువుకొని 1957లో డాక్టరాయెను. 1967లో లండనులో సెయింట్ క్రిస్టోఫర్స్ అను హాస్పిసు, అనగా కడవరి రోగుల ఆదరణ గృహము, తెరువబడెను. 2005లో ఆమెయు అక్కడనే ప్రభువునందు నిద్రించెను.

ఆమె నేర్పిన సంగతి వినుటకు చిన్నది. నొప్పి పెరిగి రోగి కేకలు వేయువరకు ఆగి మందు ఇయ్యరాదు. గడియారము చూచి, నొప్పి తిరిగి రాకముందే ఇయ్యవలెను. నోటితో పుచ్చుకొను సాధారణ మార్ఫిన్ మాత్రను 4 గంటలకొకసారి వైద్యుడు చెప్పిన మోతాదున ఇచ్చినయెడల అనేకులకు నొప్పి అణగును, రోగి మెలకువగా మాటలాడుచు ఉండును. రోగి నొప్పి శరీరమందు మాత్రమే కాదనియు, మనస్సునందు, కుటుంబమునందు, ఆత్మయందు కూడ ఉండుననియు, అన్నిటిని కలిపి చూడవలెననియు ఆమె నేర్పెను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సరు నొప్పికి మందులు మెట్టుమెట్టుగా వాడు విధానమును ప్రకటించెను.

మన దేశములో ఏమి జరిగెను? 1985లో మాదకద్రవ్యముల చట్టము వచ్చెను. దొంగవ్యాపారమును ఆపుటకు చేసిన ఆ చట్టపు భయముచేత ఆసుపత్రులు, మందుల దుకాణములు మార్ఫిన్ ఉంచుటయే మానివేసినవి. నల్లమందు పండించు దేశములో మన రోగులు మార్ఫిన్ లేక మూలుగుచు చనిపోయిరి. 2014లో పార్లమెంటు ఆ చట్టమును సవరించి దారి సుళువు చేసెను. కేరళలో 1993లో కోళికోడు వైద్యకళాశాలలో కొందరు వైద్యులు ఆరంభించిన పని ఊరూరికిని వ్యాపించి, అక్కడి ప్రభుత్వము 2008లో దానికొక విధానమునే ఏర్పరచినది. అక్కడి పంచాయతీలలో నర్సులు, ఇరుగుపొరుగు వాలంటీర్లు కలిసి రోగుల ఇండ్లకు వెళ్లుచున్నారు. పంచాయతీ చేయగలిగినది సంఘము చేయలేదా? మన తెలుగుదేశములో కూడ క్యాన్సరు ఆసుపత్రులలో ఉపశమన చికిత్స విభాగములు ఉన్నవి. పాలియేటివ్ కేర్ అని అడుగుడి. ఆ రెండు మాటలు కంఠతా నేర్చుకొనుడి, అడుగనివారికి ఎవరును చెప్పరు.

మార్ఫిన్ అలవాటు పడిపోవునని చాలమంది భయపడుదురు. నొప్పికొరకు వైద్యుని పర్యవేక్షణలో వాడువారు వ్యసనపరులగుట అరుదు. దానివలన మలబద్ధకము తప్పక వచ్చును గనుక విరేచనపు మందు కూడ మొదటినుండి అడుగవలెను. మొదటి దినములలో వికారము, మగత ఉండవచ్చును, అది సాధారణముగా కొద్ది దినములలో తగ్గును. మోతాదు పెంచుట, తగ్గించుట, ఉన్నట్టుండి ఆపుట మన ఇష్టప్రకారము చేయరాదు. మాత్రలను పిల్లలకు అందకుండ తాళము వేసి ఉంచవలెను. ఆ తల్లికి క్యాన్సరు ఆసుపత్రినుండి ఈ మాత్రలు తెచ్చిరి. రెండవ రాత్రి ఆమె తెల్లవారువరకు నిద్రించెను. ఇంటివారు భయపడి మూడుసార్లు లేచి ఊపిరి ఉన్నదా అని చూచిరట!

నొప్పి తగ్గిన తరువాతనే ఆమె మాటలాడెను. అంతవరకు ఆ ఇంటిలో ఎవరును మరణమను మాట ఎత్తలేదు. కొడుకులు, కోడండ్రు, వచ్చినవారందరు "తగ్గిపోతాదమ్మా" అనుచుండిరి. ఒక సాయంకాలము నర్సమ్మ తల దువ్వుచుండగా ఆమె మెల్లగా చెప్పినది: "నాను ఎల్లిపోతన్నానని నాకెరికేనమ్మా. ఈల్లకి తెల్దు గావాలని నానే ఊరుకున్నాను."

ఈ మాట మీద కొంచెము ఆగుడి. ఆమెకు తెలియకూడదని ఇంటివారు దాచుచున్నారు. వారికి తెలియదనుకొని ఆమె దాచుచున్నది. ఒకే కప్పు క్రింద ఒకరినొకరు ప్రేమించువారు ఒంటరిగా ఏడ్చుచున్నారు. నర్సమ్మ ఆమెతో, "చెప్పుకోవలసినది ఏదైన ఉన్నదా అమ్మా?" అని మాత్రమే అడిగిరి. ఉన్నది. ఆమె బంగారు కమ్మలు ఎప్పుడో ఒక చెల్లెలి అవసరమునకు కుదువపెట్టిన సంగతి కొడుకులకు తెలియదు. వాటిని విడిపించి పెద్ద మనుమరాలికి ఇయ్యవలెనని ఆమె కోరిక. ఆ అప్పు విషయమై చెల్లెలితో ఎన్నో ఏండ్లుగా మాటలు లేవు. పెద్దకొడుకు వెళ్లి ఆ చెల్లెలిని తీసికొనివచ్చెను. వారిద్దరు ఏమి మాటలాడుకొనిరో మాకు తెలియదు, తలుపు దగ్గరగా వేసిరి.

యాకోబు మరణకాలమందు బలము తెచ్చుకొని మంచముమీద కూర్చుండి కుమారులను పిలిపించి ఒక్కొక్కరితో మాటలాడెనని ఆదికాండము 48, 49 అధ్యాయములలో ఉన్నది. తాను పోవుచున్నానని అతనికి తెలిసినందున గదా అది సాధ్యమాయెను? యాకోబు చుట్టు చేరి కుమారులు "నీకేమీ లేదు నాయనా, తగ్గిపోతుంది" అని నోరు మూయించినయెడల మనకు ఆ ఆశీర్వాదములు దక్కి యుండునా? అట్లని రోగి ముఖముమీద సత్యమును రాయివలె విసరుమని మేము చెప్పము. రోగి ఎంతవరకు తెలిసికొనగోరునో అంతవరకు చెప్పవలెను. అడిగినప్పుడు అబద్ధమాడరాదు. అడుగనప్పుడు బలవంతము చేయరాదు. ఎక్కువమంది తమకు తామే ఎరుగుదురు, వినువారికొరకు కనిపెట్టుదురు.

ఇచ్చట మరియొక మాట చెప్పకతప్పదు. ఆ ఇంటికి పొరుగూరినుండి కొందరు స్వస్థత కూటములవారు వచ్చి, "విశ్వాసముంటే లేచి నడచును, మందులు మానివేయుడి, ఇంటిలో దాచిన పాపమేదో ఉన్నది" అని చెప్పిపోయిరి. కోడలు రెండు దినములు అన్నము తినలేదు, తన పాపమువలననే అత్తకు ఈ గతి పట్టెనని. ప్రియులారా, దేవుడు స్వస్థపరచగలడని మేము నమ్ముచున్నాము, స్వస్థతకొరకు ప్రార్థించుచున్నాము. అయినను పౌలు తన ముల్లుకొరకు మూడుసార్లు వేడుకొనినను అది తీసివేయబడలేదు (2 కొరింథీయులకు 12వ అధ్యాయము). పౌలుకు విశ్వాసము తక్కువయా? పుట్టుగ్రుడ్డివానిని గూర్చి ఎవరు పాపము చేసిరని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేసెను. చనిపోవుచున్నవారి మంచము దగ్గర పాపముల లెక్క వెదకువారు ప్రభువు పక్షమున కాక యోబు స్నేహితుల పక్షమున నిలుచుచున్నారు. ఆ స్నేహితులైనను మొదటి ఏడు దినములు నేలమీద అతని యొద్ద కూర్చుండి ఒక్క మాటయు పలుకలేదు. వారు చేసిన మంచి పని అదే. నోరు తెరిచిన తరువాత అంతయు చెడినది.

ప్రార్థన సంగతి కూడ అంతే. రోగి మంచము దగ్గర అరగంట బిగ్గరగా ప్రార్థించు పాదిరులున్నారు. రోగికి మూత్రము వచ్చుచుండును, చెప్పుకొనలేడు. నాలుగు మాటలు చాలును. రోగికి తెలిసిన కీర్తన ఒక చరణము మెల్లగా పాడుడి. బలహీనముగా ఉన్నవారికి ప్రభురాత్రి భోజనపు రొట్టెలో ఆవగింజంత ముక్కను తడిపి పెదవులకు అందించిన చాలును. మ్రింగలేనియెడల పెదవులకు తాకించిన చాలును.

కడవరి దినములలో ఇంటివారిని ఎక్కువగా కలవరపెట్టునది అన్నము. రోగి తినడు, త్రాగడు. ఆకలితో చంపిరని ఊరు అనునేమో యని నోరు తెరిచి గంజి పోయుదురు. శరీరము మూతబడుచున్నప్పుడు ఆకలి తానే తగ్గిపోవును. బలవంతముగా పోసినది ఊపిరిగొట్టములోనికి పోయి ఉక్కిరిబిక్కిరి చేయును. తినగోరినంతవరకు తల ఎత్తి చెంచాతో కొద్దికొద్దిగా ఇయ్యుడి. తినజాలనప్పుడు మానుడి. అయితే నోరు ఎండిపోకుండ చూడవలెను. శుభ్రమైన గుడ్డను నీటిలో తడిపి పిండి, పెదవులు, చిగుళ్లు మెల్లగా తుడువుడి. పెదవులకు కొంచెము నూనె రాయుడి. దప్పిగొనిన ప్రభువునకు ఎవరో స్పంజీని హిస్సోపు కొమ్మకు తగిలించి పెదవులకు అందించిరి. ఆ చేయి ఎవరిదో, ఏ మనస్సుతో అందించెనో సువార్త చెప్పలేదు. ప్రభువు దానిని పుచ్చుకొనెను.

చివరి గంటలలో గొంతులో గురగుర శబ్దము వచ్చును. వినువారికి అది భయంకరము, అప్పటికి మగతలో ఉన్న రోగికి అంత బాధ యుండకపోవచ్చునని వైద్యులు చెప్పుదురు. ప్రక్కకు తిప్పి పడుకోబెట్టినయెడల కొంత తగ్గును. చేతులు, పాదములు చల్లబడును. ఊపిరి ఆగి ఆగి వచ్చును. ఇవి ముందుగా ఇంటివారికి చెప్పియుంచినయెడల రాత్రి రెండు గంటలకు ఆటో పిలిచి, త్రోవలోనే ప్రాణము పోవు దురవస్థ తప్పును. వినికిడి చివరివరకు ఉండవచ్చును. కాబట్టి మంచము దగ్గర ఖర్చుల లెక్కలు, భూమి తగవులు మాటలాడకుడి. ఆ తల్లి వెళ్లిన తెల్లవారుజామున చిన్న మనుమడు ఆమె చెవి దగ్గర తన బడి సంగతులు చెప్పుచు ఉండెను. వాడిని ఎవరును ఆపలేదు.

మరల మన వాక్యభాగమునకు వచ్చెదము. సిలువమీద ప్రాణము పోవుచుండగా ప్రభువు తల్లిని శిష్యునికిని, శిష్యుని తల్లికిని అప్పగించెను. ఆ గడియనుండి శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకొనెనని యోహాను వ్రాసెను. సమాధి జరిగి, జ్ఞాపకార్థ కూటము ముగిసి, భోజనములు పెట్టిన తరువాత మనము ఆ ఇంటి గడప త్రొక్కము. భోజనములకు ఇంకొక అప్పు మాత్రము చేయించుదుము. ఆ దుఃఖపు ఇంట మాంసపు కూర అడుగు ఆచారమును మన సంఘ పెద్దలు నిలిపివేయవలెనని మా అభిప్రాయము.

ఆ కోడలు సమాధి జరిగి నెల దాటినను రాత్రి 2 గంటలకు లేచి కూర్చుండుచున్నది. అది అత్తను ప్రక్కకు తిప్పు సమయము. లేచి, మంచము లేని చోటు చూచి, మరల పడుకొనలేకయున్నది. పగలు కూలికి పోవుటకు ఒంటిలో శక్తి లేదు. దీనిని ఆమె ఎవరికిని చెప్పుకొనలేదు, నర్సమ్మ అడుగగా చెప్పినది. అందుచేత స్త్రీల సమాజమువారు ఇద్దరిద్దరు వంతులు వేసికొని ఈ నెల ఆ ఇంట పండుకొనుచున్నారు. ఆమె లేచినయెడల వారును లేచి కూర్చుండెదరు, కొంచెము టీ కాచుకొనెదరు.

ఇప్పుడు మన పాస్టరేటులో మరి ఇద్దరు మంచమున ఉన్నారు. ఒకరు పక్షవాతము వచ్చిన తండ్రి, మరియొకరు చిన్నవయస్సు తల్లి. ఈ నెల రెండవ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత నర్సమ్మగారు మందిరములోనే మంచము వేసి, పడక మార్చుట, రోగిని తిప్పుట, నోరు శుభ్రము చేయుట చూపించెదరు. పురుషులు కూడ ఉండవలెను. మీ ఇండ్లలో పాత నూలు చీరలు, పంచెలు ఉన్నయెడల ఉతికి, ఎండలో బాగుగా ఆరవేసి తీసికొనిరండి. పట్టుబట్టలు, నైలాను బట్టలు పనికిరావు.